దూరపు చిట్టాలలో మన పేరు

పరపతి యను మాటకు మన భాషలో రెండర్థములు కలవు. ఒకటి, మనిషికి నలుగురిలోను గల మాట, మన్నన. రెండవది, వానికి అప్పు పుట్టు శక్తి. ఈ రెండును ఒకే మాటలో ఇమిడియుండుట కాకతాళీయము గాదు. మన పల్లెలలో మంచివాడని పేరున్న మనిషికి గింజలైనను రొక్కమైనను నోటు లేకుండ చేబదులుగా దొరకెడివి. పేరు చెడినవానికి ఎకరములున్నను దొరకెడివి కావు. మన సంఘముల పేరులో ఈ మాట నేటికిని నిలిచియున్నది: ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘము.

రైతు బ్యాంకుల విషయమును విచారించుటకు చెన్నపట్నపు దొరతనమువారు ఫ్రెడరిక్ నికల్సను దొరను నియమింపగా, ఆయన 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదికను సమర్పించెను. జర్మనీ దేశమున రైఫైజను స్థాపించిన గ్రామ సంఘముల పద్ధతి మన రైతునకు తగినదని అందలి సారాంశము. పిమ్మట 1904వ సంవత్సరమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. నాటి గ్రామ సంఘములలో సభ్యులకు అపరిమిత బాధ్యత యుండెను; అనగా ఒకడు ఎగవేసిన బాకీని మిగిలినవారందరును మోయవలెను. కనుక క్రొత్తవానిని చేర్చుకొనునప్పుడు వాని భూమితో పాటు వాని నడవడిని, కల్లుపాక సావాసమును, పాత అప్పులను తెలిసినవారే కూర్చుండి విచారించెడివారు. మనిషి పేరు అతడు నివసించు వీథిలోనే యుండెను. ఎవడైన తప్పుగా పలికినయెడల రచ్చబండ మీద నిలిచి అడుగుటకు వీలుండెను.

ఆ పద్ధతి అంతయు బంగారమని నేననుట లేదు. ఊరిపెద్దకు కిట్టనివానికి, ఊరి చివర వాడలవారికి, సొంత చెక్క లేని కౌలురైతునకు మాట యెంత నిలకడగలదైనను అప్పు పుట్టెడిది కాదు. నేటి కంప్యూటరు కులము నడుగదు, మొగము చూడదు. అది మేలే. కాని దానికి మనిషియు తెలియడు. అందులో ఏమి వ్రాసియున్నదో దానినే అది నమ్మును. వ్రాసినవాడు ఎక్కడనో యుండును. వ్రాసినట్లు మనకు తెలియను కూడ తెలియదు. ఈ వ్యాసము ఆ వ్రాతను గూర్చినది.

మన దేశమున 2005వ సంవత్సరపు చట్టము ఒకటి కలదు. దాని క్రింద రిజర్వు బ్యాంకు అనుమతి పొంది నాలుగు కంపెనీలు పనిచేయుచున్నవి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. బ్యాంకులు, సహకార బ్యాంకులు, ట్రాక్టరునకు మోటారు సైకిలునకు అప్పులిచ్చు ఫైనాన్సు కంపెనీలు, బంగారముపై ఋణమిచ్చువారు, చిన్న ఋణముల సంస్థలు—వీరందరును తమ వద్ద అప్పు గొన్న ప్రతి మనిషి లెక్కను ఈ నాలుగింటికిని పంపవలెను. పూర్వము నెలకొకమారు పంపెడివారు. 2025 జనవరిలో పక్షమునకొకమారు పంపు నియమము వచ్చెను. ఆ లెక్కలను బట్టి మనిషికి 300 మొదలు 900 వరకు మార్కులు వేయుదురు. జనులు వీనినన్నిటిని కలిపి ‘సిబిల్’ అనియే వాడుక చేయుచున్నారు.

మా సంఘ సభ్యుడొకని సంగతి చెప్పెదను. పేరు చెప్పుట న్యాయము గాదు. ఎనిమిది ఎకరముల మెట్ట, రెండెకరముల మాగాణి గల రైతు. ఒక ఫైనాన్సు కంపెనీ వద్ద ట్రాక్టరునకు అప్పు తీసికొని ఆరేసి నెలల వాయిదాలన్నియు తీర్చెను. చివరి వాయిదా కట్టిననాడు రసీదు జేబులో పెట్టుకొని వచ్చి ట్రాక్టరునకు కొబ్బరికాయ కొట్టెను. బాకీ లేదను పత్రము తీసికొనలేదు. బండి కాగితముల మీదనుండి కంపెనీ పేరును కొట్టివేయించుకొననులేదు. అమ్ముకొను తలంపు లేదు గనుక తొందర యేమని యుండెను. నాలుగేండ్లు గడచెను. కుమార్తెకు ఇంజనీరింగు కాలేజీలో సీటు వచ్చెను. విద్యాఋణమునకు తండ్రియు ఋణగ్రస్తుడుగా సంతకము చేయవలెను. బ్యాంకు మేనేజరు కంప్యూటరు చూచి, ‘నీ పేర పాతబాకీ ఉన్నదయ్యా, వీలుపడదు’ అనెను.

బాకీ ఎంత? ఆరువందల నలుబది రూపాయలు. చివరి వాయిదా రెండు దినములు ఆలస్యమైనందులకు వేసిన అపరాధ రుసుము. దానిని గూర్చి కంపెనీవారు పంపిన సమాచారమంతయు అతడు ఏనాడో మానివేసిన ఫోను నంబరునకు పోయెను. నాలుగేండ్లుగా ప్రతి నెలయు ఆ దూరపు చిట్టాలో అతని పేరునకెదురుగ ‘ఇంకను చెల్లింపలేదు’ అని పడుచునేయుండెను. ఊరిలో ఒకని పైస యెగవేయని మనిషి, అక్కడ నాలుగేండ్ల మొండి బకాయిదారు!

అతడు చేసిన అసలు పొరపాటు ఇది కాదు. ఆ మాట విని సిగ్గుపడి యింటికి వచ్చి రెండు నెలలు ఎవరితోను చెప్పలేదు. భార్య నానుతాడు తాకట్టు పెట్టి మొదటి ఏటి ఫీజు కట్టెను. వడ్ల సొమ్ము విషయమై సంఘమునకు వచ్చినప్పుడు ఏదో మాటల నడుమ, ‘అన్నా, నన్ను దొంగను చేసినారు’ అని కండ్లనీరు పెట్టుకొనెను. అప్పుడు కూర్చుండి ఆ పత్రమును తెప్పించి చూచితిమి. ఆరువందల నలుబదియు కట్టి, బాకీ లేదను పత్రము తీసికొని, ఫిర్యాదు పెట్టగా ఇరువది నాలుగు దినములలో ఆ ఖాతా ‘ముగిసినది’ అని మారెను. గడచిన ఆలస్యపు అంకెలు మాత్రము అందే నిలిచియున్నవి. నానుతాడును మరుసటి ఏట విడిపించుకొనిరి. మొదటి దినముననే వచ్చియున్నచో దానిని తాకట్టు పెట్టవలసిన పనియే లేకపోయెడిది.

మన తాతలు ప్రామిసరీ నోటు విషయమున ఎంత జాగరూకులో ఎరుగుదుము. కొంత సొమ్ము కట్టిన ప్రతిమారును నోటు వెనుక చెల్లు వ్రాయించుకొనెడివారు. బాకీ తీరిననాడు నోటును చేత బుచ్చుకొని చింపి యింటికి వచ్చెడివారు. చెల్లు వేయించుకొనక ఒకే అప్పును రెండుమారులు తీర్చిన కథ ప్రతి గ్రామమునను ఒకటి వినవచ్చును. మరి నోటునకైన మూడేండ్లకు కాలదోషము పట్టును. దూరపు చిట్టాకు అంత త్వరగా పట్టదు. వివరములను ఏడేండ్లకు తక్కువ కాకుండ నిలువ యుంచవలెనని నిబంధన. ఆ చెల్లు నేడు రెండు చోట్ల వేయించుకొనవలెను: కాగితము మీద ఒకటి, కంప్యూటరులో ఒకటి. అప్పు తీరిన రెండు నెలలకు మన పేర నున్న లెక్కను తెప్పించి ఆ ఖాతా ‘ముగిసినది’ అని యున్నదా, నిలువ సున్నా అని యున్నదా అని కంటితో చూచినగాని అప్పు తీరినట్లు కాదు.

చూచుట యెట్లు? 2017 జనవరి మొదలు ఈ నాలుగు కంపెనీలును అడిగిన ప్రతివానికిని ఏడాదికొకమారు పూర్తి నివేదికను, మార్కులతో గూడ, ఉచితముగా ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు శాసించియున్నది. ఒక్కొక్కటి ఒక్కొక్కమారు గనుక ఏడాదికి నాలుగు ఉచితములు. ఉగాదికి ఒకదానినుండి, ఏరువాకకు ఒకదానినుండి, దసరాకు ఒకదానినుండి, సంక్రాంతికి ఒకదానినుండి తెప్పించుకొనినచో సంవత్సరము పొడుగునను కాపలా యుండును. ఆ కంపెనీల సొంత ఇంటర్నెట్టు పుటలనుండియే తీయవలెను. ‘మీ మార్కులు ఉచితముగా చూడుడు’ అని ఫోనులో వచ్చు ప్రకటనలలో పెక్కు మన ఫోను నంబరును పట్టి అప్పులు అంటగట్టుటకు వేసిన ఎరలు. మన లెక్కను మనమే చూచుకొన్నందువలన మార్కులు తగ్గవు. ఈ భయముచేత చూడక మానినవారు కొందరు కలరు. ఒకే నెలలో నాలుగైదు చోట్ల అప్పునకు దరఖాస్తు పెట్టినచో మాత్రము, వీడు అప్పునకై తిరుగుచున్నాడని చిట్టాలో పడి మార్కులు తగ్గును.

నివేదిక ఇంగ్లీషులో నుండును. ఇంటర్మీడియట్ చదువు పిల్లవాడు దానిని చదివి చెప్పగలడు. మొదట పేరు, పుట్టిన తేది, ప్యాను నంబరు, చిరునామాలు, ఫోను నంబర్లు. పిమ్మట ఒక్కొక్క అప్పు: ఎవరిచ్చిరి, ఎప్పుడు, ఎంత, నిలువ యెంత, నెలనెలకు ఎన్ని దినములు ఆలస్యము. ఆ గళ్లలో సున్నాలున్నచో చక్కగా కట్టినట్లు. 30, 60, 90 అని యున్నచో అన్ని దినములు దాటినట్లు. కడపట, మన లెక్కను ఏయే సంస్థలు ఎప్పుడు చూచినవో ఆ పట్టిక. మనమెన్నడును గడప త్రొక్కని సంస్థ పేరు ఆ కడపటి పట్టికలో కనుపించినచో, మన ప్యానుతో ఎవడో అప్పునకు యత్నించెనని అనుమానింపవలెను. ఎవరైన మన లెక్కను చూచినప్పుడు మన ఫోనునకు కబురు పంపవలెనని 2023లో చేసిన నిబంధన యొకటి కలదు. ఫోను నంబరు మార్చి బ్యాంకులో చెప్పనివానికి ఆ కబురు చేరదు.

ఎన్నడును అప్పు గొననివానికి మార్కులే యుండవు. అది చెడ్డపేరు కాదు, పేరు లేకుండుట. బ్యాంకువారు రెండింటిని ఒకటిగా జూచినయెడల గట్టిగా అడుగుడు.

ఇప్పుడు పేర్ల సంగతి. తప్పులలో హెచ్చుపాలు ఇక్కడనే పుట్టుచున్నవని నా అనుభవము. మన యిండ్లలో మనుమనికి తాత పేరు పెట్టుట ఆచారము. కనుక ఒకే యింటిపేరు, ఒకే పేరు గలవారు ఊరిలో నలుగురైదుగురుందురు. తూర్పింటి రామయ్య, మిల్లు రామయ్య, పొడుగు రామయ్య అని మనము భేదము తెలిసికొందుము. కంప్యూటరునకు మిల్లును తెలియదు, పొడుగును తెలియదు. పుట్టిన తేదిని బట్టి విడదీయుదమన్న, పెద్దవారిలో అనేకులకు తేది తెలియక ఆధారు కేంద్రమున జనవరి 1 అని వేసిరి. చిరునామాను బట్టి చూతమన్న, ఇంటి నంబరు లేక ఊరు, మండలము, జిల్లా మాత్రమే వ్రాసియుండును. ఆ చిరునామా ఊరందరిది. ఇక ఇంగ్లీషు అక్షరములు. సుబ్బారావునకు ఒక పత్రమున ఒక ‘బి’, వేరొక పత్రమున రెండు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఇంకొకచోట ఒక్క అక్షరముగా. స్త్రీల కష్టము మరియు హెచ్చు: బడి పత్రమున పుట్టినింటి పేరు, ఆధారులో మెట్టినింటి పేరు, బ్యాంకు పుస్తకమున భర్త పేరు. ఇన్ని రూపములలో నున్న మనిషిని యంత్రము ఇద్దరినిగా చీల్చుటయు, ఇద్దరు మనుష్యులను ఒకనిగా అతుకుటయు వింత గాదు.

కావున ఆధారు, ప్యాను, బ్యాంకు ఖాతా, పట్టాదారు పుస్తకము—ఈ నాలుగింట పేరు ఒకే అక్షరములతో ఉండునట్లు దిద్దించుకొనుట, విసుగు పుట్టించు పనియైనను, ఒకమారు చేసినచో బ్రతికినంత కాలము పనికివచ్చును. అప్పు పత్రముల మీద ప్యాను నంబరును గుమాస్తా సరిగా ఎక్కించెనా యని చూచి సంతకము చేయవలెను. ఒక్క అంకె తప్పినచో మన అప్పు ఒకరి పేరునకును, ఒకరి అప్పు మన పేరునకును పోవును.

తప్పు కనుపించినప్పుడు అడుగుటకు చట్టము మనకు హక్కునిచ్చినది. లెక్కను చూచి ఋణము నిరాకరించిన బ్యాంకును, తాము చూచిన ఆ లెక్క ప్రతిని ఇమ్మని అడుగవచ్చును. దిద్దుమని కంపెనీకిగాని అప్పిచ్చిన సంస్థకుగాని ఫిర్యాదు పెట్టవచ్చును, రుసుము లేదు. ఫిర్యాదు చేరిన 30 దినములలో పరిష్కరింపవలెను. అందు అప్పిచ్చిన సంస్థకు 21 దినములు గడువు, మిగిలినవి కంపెనీకి. గడువు దాటినచో దినమునకు 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారునకు చెల్లింపవలెనని 2024 ఏప్రిల్ మొదలు అమలులోనికి వచ్చెను. అప్పటికిని పని కానియెడల రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనునకు వ్రాసికొనవచ్చును. 14448 నంబరునకు ఫోను చేసినచో దారి చెప్పుదురు. నోటిమాటగా అడిగినది లెక్కకు రాదు. ఫిర్యాదు నంబరు, తేది, జతపరచిన రసీదుల నకళ్లు ఒక సంచిలో భద్రముగా నుంచుడు.

ఒక సంగతి ఇక్కడనే చెప్పుట మంచిది. తప్పును దిద్దవచ్చును గాని నిజమును తుడుపరాదు. నిజముగా ఆలస్యము చేసిన వాయిదాను తుడిపించెదము, అయిదువేలు తెమ్ము, పదివేలు తెమ్ము అని తిరుగువారు బయలుదేరినారు. ఆ సొమ్ము వారికిచ్చుట కంటె బాకీకి కట్టుట మేలు. బాకీలో కొంత తగ్గించి తీర్మానము చేసికొందమని సంస్థ పిలిచినప్పుడును ఆలోచింపవలెను. చేతిలో లేనివానికి అది ఉపకారమే. కాని చిట్టాలో ‘ముగిసినది’ అని పడదు. ‘సెటిలు చేసినది’ అని పడును. చూచువారు దానిని ‘పూర్తిగా కట్టలేదు’ అని చదువుకొందురు.

ఋణమాఫీల విషయమునను ఇట్టి చిక్కు కలదు. 2014లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు రెండును పంటఋణముల మాఫీని ప్రకటించి సొమ్మును చాలవరకు విడతలుగా ఇచ్చినవి. ప్రభుత్వమిచ్చు సొమ్ము ఖాతాలో పడునంతవరకు బ్యాంకు చిట్టాలో బాకీ రైతుదే. మాఫీ వచ్చును గదా యని వాయిదా దాటించినవాడు, సకాలమున కట్టినవారికి వచ్చు 3 శాతము వడ్డీ రాయితీని పోగొట్టుకొనుటయే గాక, ఆలస్యపు అంకెలను కూడ నెత్తిన వేసికొనును. మాఫీ వలదని నేననను. వచ్చినదాని చెల్లు పడెనో లేదో చూచుకొనుమని మాత్రమే నా మనవి.

జామీను సంతకమును గూర్చి ఇంకను గట్టిగా చెప్పవలెను. బావమరిది మోటారు సైకిలునకో, మిత్రుని కోళ్ల షెడ్డునకో మొగమోటముచేత చేసిన సంతకము మన నివేదికలో మన అప్పు వలెనే కనుపించును. అతడు కట్టనిచో ఆలస్యము మన పేరునను పడును. ఏనాడెవరికి సంతకము చేసితిమో ఇంట ఒక పుస్తకమున వ్రాసియుంచుకొనినవారిని నేను వ్రేళ్ల మీద లెక్కింపగలను. స్త్రీలు గుంపుగా తీసికొను చిన్న ఋణములును మనిషి మనిషి పేరున ఎక్కును. 2010లో మన రాష్ట్రమున చిన్న ఋణముల సంస్థల వసూళ్ల విషయమై గొప్ప అలజడి కలిగి, ప్రభుత్వము ఆర్డినెన్సు చేసినది. ఒక్కొక్క స్త్రీకి అయిదారు సంస్థలు ఒకదానికొకటి తెలియక అప్పులిచ్చుట అందలి ముఖ్య దోషములలో నొకటి. అటుపిమ్మట ఆ సంస్థలు ఈ చిట్టాలలో చేరక తప్పినది కాదు.

ఇంతవరకు అప్పు చిట్టా. పేరు అక్కడ మాత్రమే లేదు. ఇప్పుడు ఊరి నోరు సెల్‌ఫోనులో నున్నది.

క్షణములో అప్పిత్తుమను ఫోను యాప్‌ల వలన 2020లో తెలంగాణమున జరిగిన ఘోరములు పాఠకులలో కొందరికి జ్ఞప్తియందుండవచ్చును. మూడువేలకు, అయిదువేలకు ఆశపడి యాప్‌ను ఫోనులోనికి దింపుకొనినవారి యొద్దనుండి అవి ఫోనులోని నంబర్లన్నిటిని, ఫొటోలను లాగికొనెడివి. వారము తిరుగకముందే వడ్డీకి వడ్డీ కట్టి, ఇయ్యనియెడల ఆ నంబర్లన్నిటికిని, అనగా వియ్యంకునకు, మేనమామకు, పనిచేయుచోటి యజమానికి, ‘వీడు దొంగ’ యని ఫొటోతో పంపెడివారు. అవమానము భరింపలేక ప్రాణములు తీసికొనినవారు కలరు. ఆ ఏడు డిసెంబరు నెలలో హైదరాబాదు, సైబరాబాదు పోలీసువారు అనేకులను పట్టుకొనిరి. పిమ్మట 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పుల యాప్‌లు ఫోనులోని నంబర్ల పట్టికను, ఫొటోలను, మాటలాడిన లెక్కలను ముట్టరాదని శాసించెను. తన అదుపులోని సంస్థలు తెలిపిన యాప్‌ల పట్టికను 2025 జూలై నుండి తన పుటలో నుంచినది. అప్పిచ్చుటకు నంబర్ల పట్టిక చూపుమని యే యాప్ అడిగినను అది అప్పిచ్చుటకు వచ్చినది కాదని తెలియవలెను. ఈ పాటికే చిక్కుకొనినవారు ఆ తగరారును దాచుకొనక బంధువులకు తామే ముందుగా చెప్పివేసినయెడల వాని చేతి కొరడా సగము విరిగినట్లే.

మీ పేరు, మీ ఫొటో పెట్టి వేరొకడు ఫేస్‌బుక్కు ఖాతా తెరచి, ‘ఆసుపత్రిలో నున్నాను, అయిదువేలు పంపుము’ అని మీ వారినడుగుట మరియొక మోసము. తెలిసిన వెంటనే మీ సొంత ఫోనునుండి ఎరిగినవారందరికి, ఆ ఖాతా నాది గాదని చెప్పవలెను. పదిమంది చేత ఆ ఖాతా మీద ఫిర్యాదు నొక్కించవలెను. ఒకని రూపమున వేరొకడు మెలగు ఖాతాను బాధితుడు ఫిర్యాదు చేసిన ఒక దినము లోపల తొలగింపవలెనని 2021 నియమములు మొదట విధించినవి. ఇతరుని గుర్తింపును దొంగిలించుటకు, కంప్యూటరు ద్వారా వేషము మార్చి మోసగించుటకు 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములోని 66సి, 66డి సెక్షన్ల క్రింద మూడేండ్ల వరకు ఖైదు కలదు. సొమ్ము పోయినచో ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయవలెను. గంటలు గడచినకొలది సొమ్ము చేతులు మారిపోవును. మీ ఆధారుతో ఎన్ని సిమ్ములు తీసిరో ‘సంచార్ సాథీ’ యను ప్రభుత్వ పుటలో చూడవచ్చును. మీవి కానివాని నెదుట ‘నాది గాదు’ అని నొక్కినచో తనిఖీ చేసి ఆపుదురు. ఈ వసతి 2021లో తొలుత మన రెండు తెలుగు రాష్ట్రములకే ప్రారంభమై పిమ్మట దేశమంతటికిని విస్తరించెను.

గ్రామ వాట్సప్పు గుంపులో ఎవడైన మీమీద లేనిపోని మాట వ్రాసినప్పుడు ఏమి చేయవలెను? అక్కడనే బదులు వ్రాసి వాదులాటకు దిగినచో చూడనివారును చూతురు. మొదట ఆ వ్రాతను, తేది, నంబరు కనుపించునట్లు ఫొటో తీసి యుంచుకొనుడు. గుంపు నిర్వాహకునకు ఇతరులు పెట్టినదానిని అందరి ఫోనులనుండియు చెరిపివేయు వీలు కలదు, అతనిని అడుగుడు. పిమ్మట వ్రాసినవానిని ఎదురుగా పిలిచి ఇద్దరు పెద్దల ముందు మాటలాడుడు. పరువునష్టమునకు భారతీయ న్యాయసంహిత 356వ సెక్షను క్రింద రెండేండ్ల వరకు శిక్ష యున్నమాట నిజమే. కాని ఆ కేసు తెమలునాటికి మనుమలు ఎదుగుదురు. నా మట్టుకు అది కడపటి దారి.

కోర్టుల సంగతి వచ్చినది గనుక ఒక మాట. గట్టు తగవులకు వేసిన దావాలు సైతము కక్షిదారుల పేర్లతో కోర్టుల ఇంటర్నెట్టు పుటలలో వెదకుటకు దొరకుచున్నవి. క్రిమినలు కేసు కొట్టివేయబడినను తీర్పులో పేరు నిలిచియుండును. సంబంధము కుదుర్చుకొనువారు, ఉద్యోగమిచ్చువారు నేడు ముందుగా చేయు పని ఆ పేరును ఫోనులో వెదకుట. అట్టి పేర్లను మరుగుపరచుమని హైకోర్టులకు పోయినవారు కలరు; అన్ని హైకోర్టుల అభిప్రాయము ఒకటి గాదు. 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము తప్పును దిద్దించుకొను హక్కును, అక్కర తీరిన వివరమును తుడిపించుకొను హక్కును ఇచ్చినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. అవి ఒక్కసారి గాక అంచెలుగా అమలునకు వచ్చును. అందాక, కేసు కొట్టివేసిన తీర్పు నకలు ఒకటి ఇంట నుంచుకొని, అడుగకముందే చూపుట మంచిది.

మామిడి, బెల్లము, నేయి నేరుగా కొనువారికి పంపు సభ్యులు ఇప్పుడు కొందరున్నారు. వారి అంగడి పేరు క్రింద కొనినవారు మెచ్చుకొనుటయు, తిట్టుటయు అందరికిని కనుపించును. తిట్టినవానికి కోపముతో బదులు వ్రాయరాదు. పెట్టె నలిగి పండు చెడినమాట నిజమైనచో ఒప్పుకొని వేరొకటి పంపుడు. కూలికి మెప్పులు వ్రాయించుకొనుట వలదు. చదువువారు తెలిసికొనగలరు.

ఈ మాసమున ప్రతి బుధవారము మధ్యాహ్నము రెండు గంటల నుండి సంఘ కార్యాలయపు కంప్యూటరు మీద సభ్యులు తమ నివేదికను తెప్పించుకొనవచ్చును. రుసుము లేదు. ప్యాను కార్డు, ఆధారు కార్డు, బ్యాంకులో ఇచ్చియున్న ఫోను వెంట తేవలెను. భార్యాభర్తలు వేరువేరుగా చూచుకొనవలెను. అప్పు తీర్చిన పాత రసీదులున్నచో అవియు తెండు. ఫోనునకు వచ్చు ఓ.టి.పి. అంకెలను గుమాస్తాకు గూడ చెప్పవలదు. మీ చేతితో మీరే నొక్కవలెను.